మధ్యమాహరణం: వర్గసమీకరణ సూత్ర చరిత్ర

విజ్ఞానచరిత్రలో ఒక గ్రంథం నశించి, అందలి ఒక వాక్యం మాత్రం మిగలడం వింత కాదు. ఆ మిగిలిన వాక్యం వేయి సంవత్సరాలకు పైబడి బడిపిల్లల నోట నానుతూ ఉండడం, అదిన్నీ కర్త పేరు మీదనే వ్యవహారంలో నిలవడం మాత్రం అరుదు. వర్గసమీకరణాన్ని సాధించే సూత్రానికి అట్టి భాగ్యం పట్టినది. భారతదేశంలో, విశేషించి వంగదేశంలో, దానిని శ్రీధరాచార్యుని సూత్రమని పిలుస్తారు. శ్రీధరుడు రచించిన పాటీగణితం, త్రిశతిక అనే అంకగణిత గ్రంథాలు నేటికీ ఉన్నవి. ఆయన బీజగణితం మాత్రం లభించలేదు. 1150లో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో శ్రీధరుని పేరు చెప్పి ఆ సూత్రాన్ని ఉదాహరించినాడు. అందువల్లనే అది మనకు దక్కినది. ఒకరి మాటను వారి పేరుతోనే చెప్పడమనే మర్యాద ఇంత పని చేసినది.

ఆ సూత్రం ఏ అవసరం వల్ల పుట్టినది, ఎన్ని భాషలలో సంచరించినది, తెలుగువారి దగ్గరకు ఏ దారిన వచ్చినది అని విచారిస్తే మరొక సంగతి కూడ తెలియవస్తుంది. సూత్రం నిలుస్తుంది గాని, దాని వెనుక ఉన్న హేతువు సులభంగా జారిపోతుంది. ఆ హేతువును నిలిపిన పుణ్యం చాలవరకు వ్యాఖ్యాతలది, అనువాదకులది.

మొదట సమస్య స్వరూపాన్ని గ్రహించవలె. ఒక రాశిని మూడింతలు చేసి ఐదు కలిపితే ఇరువది ఆరు అయినదంటే, ఆ రాశిని కనుగొనడానికి వెనుకకు నడిస్తే చాలును. ఐదు తీసివేసి మూడింట భాగిస్తే ఏడు వస్తుంది. కాని ఒక దీర్ఘచతురస్రపు చేను వెడల్పు కంటె పొడవు మూడు బారలు ఎక్కువ, వైశాల్యం నలువది చదరపు బారలు అన్నప్పుడు ఈ వెనుక నడక సాగదు. తెలియని వెడల్పు ఇక్కడ రెండు వేషాలలో వచ్చినది. అది ఒకచోట తనను తాను గుణించుకొని వర్గమైనది; మరొకచోట మూడింతలై కూర్చున్నది. ఒకదానిని విడదీయబోతే రెండవది అడ్డు వస్తుంది. ఐదు, ఎనిమిది అని ఊహతో చెప్పవచ్చును. ఊహ అందని చోట ఏమి చేయవలె అన్నదే ప్రశ్న. మన పూర్వులు ఈ చిక్కును విప్పే ఉపాయానికి మధ్యమాహరణమని పేరు పెట్టినారు. వర్గానికీ, తెలిసిన సంఖ్యకూ నడుమ నిలిచి దారి కట్టే మధ్యపదాన్ని తొలగించడమని దాని అర్థం. సమస్యలోని కష్టమంతా ఆ పేరులోనే ఉన్నది.

ఈ ప్రశ్న మన దేశానికి మాత్రమే చెందినది కాదు. క్రీస్తుకు పూర్వం సుమారు 1800 ప్రాంతపు బాబిలోనియా మట్టిపలకలలో ఇది కనిపిస్తుంది. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకపై మొదటి లెక్క ఇట్టిది: ఒక చతురస్రపు వైశాల్యాన్నీ దాని భుజాన్నీ కలిపితే ముప్పాతిక అయినది, భుజమెంత? ఒకటిని తీసికొమ్మని, దానిని సగం చేయుమని, ఆ సగాన్ని దానితోనే గుణించుమని, వచ్చిన పాతికను ముప్పాతికకు కలుపుమని ఆ లేఖకుడు ఒక్కొక్క మెట్టుగా చెప్పినాడు. మొత్తం ఒకటి అవుతుంది. దాని వర్గమూలం ఒకటే. అందులోనుంచి ముందటి సగాన్ని తీసివేస్తే భుజం అర అని తేలుతుంది. అక్కడ సార్వత్రికమైన సూత్రం చెప్పబడలేదు. లెక్క తరువాత లెక్క చేసి చూపబడినది. సగం చేసి, వర్గించి, కలిపి, మూలం తీసికొనే క్రమం మాత్రం అప్పటికే స్థిరపడినది.

భారతదేశంలో క్రీస్తు శకం 499లో ఆర్యభటుడు రచించిన ఆర్యభటీయంలో ఈ క్రమం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి శ్రేఢీగణితంలో, మొత్తం తెలిసినప్పుడు పదాల సంఖ్యను కనుగొనడంలో. రెండవది వడ్డీలెక్కలో. నూరు రూపాయల అసలు మీద నెలకు వచ్చిన వడ్డీని అదే ధర్మవడ్డీకి మరి నాలుగు నెలలు తిప్పగా, వడ్డీ, దానిపై వడ్డీ కలిసి ఆరు రూపాయలైనదనుకొందము. మొదటి వడ్డీ ఎంత? వడ్డీయే అసలుగా మారి మళ్ళీ వడ్డీని కన్నది కాబట్టి, తెలియని రాశి తనతో తాను గుణింపబడినది. లెక్క చూస్తే అది ఐదు రూపాయలు. దానిపై వచ్చినది ఒక రూపాయి. చక్రవడ్డీకి అప్పు చేసిన ప్రతి గృహస్థు ఇంట వర్గసమీకరణం పేరు చెప్పకుండా తిరుగుతూనే ఉండేదన్నమాట.

628లో భిల్లమాలలో నివసించిన బ్రహ్మగుప్తుడు, తన ముప్పదవ ఏట, బ్రాహ్మస్ఫుటసిద్ధాంతాన్ని రచించినాడు. అందులో మధ్యమాహరణానికి స్పష్టమైన సామాన్యసూత్రం ఉన్నది. దాని భావం ఇది: తెలిసిన సంఖ్యను వర్గపు గుణకానికి నాలుగింతలతో గుణించి, మధ్యపద గుణకపు వర్గాన్ని కలిపి, మూలం తీసి, అందులోనుంచి మధ్యపద గుణకాన్ని విడిచి, శేషాన్ని వర్గపు గుణకానికి రెండింతలతో భాగించవలె. నేటి పాఠ్యపుస్తకంలోని సూత్రం ఇదే. అక్కడ నాలుగింతల లబ్ధాన్ని తీసివేయుమని ఉన్నదంటే, అది పదాలన్నీ ఒకే ప్రక్కకు తెచ్చి వ్రాయడం వల్ల వచ్చిన గుర్తుభేదం మాత్రమే. కాబట్టి శ్రీధరాచార్యుని సూత్రమన్న పేరు విని, ఆయనకు పూర్వం దీనిని ఎవరూ ఎరుగరని అనుకోరాదు.

బ్రహ్మగుప్తుని మరొక మేలు ఇంతకంటె పెద్దది. సున్న కంటె తక్కువైన సంఖ్యలకు ఆయన కూడిక, తీసివేత, గుణకార, భాగహార నియమాలు చెప్పినాడు. ఉన్న సంఖ్యకు ధనమని, లేమిని చెప్పే సంఖ్యకు ఋణమని పేర్లు వాడినాడు. ఈనాటికీ తెలుగు విద్యార్థి ధనసంఖ్య, ఋణసంఖ్య అనే అంటున్నాడు. అప్పుకూ ఆ సంఖ్యకూ తెలుగులో ఒకే మాట. ఆస్తికి ఎదురు అప్పు అని తెలిసిన రైతుబిడ్డకు ఋణసంఖ్యను వేరుగా పరిచయం చేయనక్కరలేదు. ఈ ఒక్క భావం వల్ల సూత్రానికి ఎంత సౌలభ్యం కలిగినదో పోల్చి చూస్తే తెలుస్తుంది. సుమారు 820 ప్రాంతాన బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ తన బీజగణితాన్ని రచించినప్పుడు ఋణసంఖ్యలను అంగీకరించలేదు. అందుచేత ఆయన సమీకరణాలను ఆరు జాతులుగా విభజించి, ఒక్కొక్క జాతికి వేర్వేరు మార్గం చెప్పవలసివచ్చినది. ఋణాన్ని కూడ సంఖ్యగా ఒప్పుకొన్న చోట ఒకే సూత్రం చాలినది.

అయితే అల్ ఖ్వారిజ్మీ గ్రంథంలో మరొక గుణమున్నది. ఆయన సూత్రంతో ఊరుకోక పటం గీసి కారణం చూపినాడు. ఒక రాశి వర్గమున్నూ ఆ రాశికి పదింతలున్నూ కలిసి ముప్పది తొమ్మిది అయినదనుకొందము. ఆ రాశి భుజంగా ఒక చతురస్రం గీయవలె. పదింతలను రెండు ఐదింతలుగా చీల్చి, చతురస్రానికి రెండు ప్రక్కల రెండు పట్టీలుగా అతికించవలె. ఇప్పుడు ఆకారం పెద్ద చతురస్రమే గాని, ఒక మూల ఖాళీగా ఉన్నది. ఆ మూల ఐదైదుల ఇరువది ఐదు. దానిని నింపితే మొత్తం అరువది నాలుగు. పెద్ద చతురస్రపు భుజం ఎనిమిది. పట్టీ వెడల్పు ఐదు తీసివేస్తే అడిగిన రాశి మూడు. సూత్రంలోని ప్రతి మెట్టుకూ ఇక్కడ కంటికి కనబడే అర్థమున్నది. సగం చేయడమంటే పట్టీలను రెండు ప్రక్కలకు పంచడం. వర్గం కలపడమంటే ఖాళీ మూలను నింపడం. దీనినే వర్గపూరణమంటారు.

శ్రీధరుని విశేషం ఈ వర్గపూరణాన్ని భిన్నాలు తగలకుండా చేయడంలో ఉన్నది. సమీకరణపు రెండు పక్షాలనూ వర్గపు గుణకానికి నాలుగింతలతో గుణించుమనీ, తరువాత అవ్యక్తరాశి మొదటి గుణకపు వర్గాన్ని ఇరుపక్షాలకు కలుపుమనీ, అటుపై మూలం తీయుమనీ ఆయన చెప్పినాడు. నాలుగింతలే ఎందుకన్న ప్రశ్న సహజం. వర్గపు గుణకంతో ఒకసారి గుణించడం వల్ల మొదటి పదం నిండు వర్గమవుతుంది. మధ్యపదాన్ని సగం చేయవలసివచ్చినప్పుడు అది బేసిసంఖ్య అయితే భిన్నం పుడుతుంది; ఆ బెడద లేకుండా ముందే నాలుగుతో, అనగా రెండు వర్గంతో, గుణించి ఉంచినాడు. పద్ధతి ఎందుకు పనిచేస్తుందో పద్ధతిలోనే కనిపిస్తుంది. బ్రహ్మగుప్తుని వాక్యం ఫలాన్ని చేతికిస్తుంది. శ్రీధరుని వాక్యం దారిని చూపుతుంది. భాస్కరుడు ఈ సూత్రాన్ని పేరెత్తి ఉదాహరించినప్పుడు ఆ దారి కూడ భద్రమైనది.

తెలుగువారికి ఈ గణితంతో చుట్టరికం కలిగినది మరొక ఆచార్యుని మూలంగా. సుమారు 850 ప్రాంతాన, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, మహావీరాచార్యుడనే జైనపండితుడు గణితసారసంగ్రహమనే సంస్కృత గ్రంథాన్ని రచించినాడు. అది జ్యోతిషానికి అంగంగా గాక గణితానికే ప్రత్యేకించి వ్రాసిన గ్రంథం. వేయికి పైగా శ్లోకాలు గలది. వంటశాల మొదలు ఛందస్సు వరకు గణితం లేని వ్యవహారం లేదని ఆయన ప్రారంభంలోనే నిరూపించినాడు. 1912లో మదరాసు ప్రభుత్వ పక్షాన ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదంతో దీనిని ప్రకటించిన తరువాత లోకమంతటికీ దీని పరిచయం కలిగినది.

అందలి ప్రకీర్ణక వ్యవహారంలో మూలజాతి అనే లెక్కలున్నవి. ఒక ఒంటెల మందలో నాలుగవ వంతు అడవిలో కనిపించినదట; మంద సంఖ్యకు గల వర్గమూలానికి రెండింతలు కొండచరియలకు పోయినవట; మూడైదుల ఒంటెలు నదీతీరాన ఉన్నవట. మందలోని ఒంటెలెన్ని? ఇక్కడ మంద సంఖ్యను గాక దాని మూలాన్ని అవ్యక్తంగా ఎంచుకోవడం మంచిది. మందలో నాలుగవ వంతు పోగా మిగిలిన ముప్పాతిక, మూలానికి రెండింతలకున్నూ పదిహేనుకున్నూ సమానం. భిన్నం పోవడానికి నాలుగుతో గుణిస్తే, వర్గానికి మూడింతలలో నుంచి మూలానికి ఎనిమిదింతలు తీసివేయగా అరువది మిగులుతున్నది. ఇప్పుడు శ్రీధరుని మార్గాన నడువవచ్చును. వర్గపు గుణకం మూడు. దానికి నాలుగింతలు పన్నెండు. ఇరుపక్షాలనూ పన్నెండుతో గుణిస్తే ఒకవైపు వర్గానికి 36 ఇంతలు, మూలానికి 96 ఇంతలు తక్కువ, రెండవవైపు 720. మధ్యపద గుణకమైన ఎనిమిది వర్గం 64 ఇరుపక్షాలకు కలిపితే, మొదటివైపు ఆరింతల మూలంలో ఎనిమిది తక్కువైన రాశికి నిండు వర్గం; రెండవవైపు 784. మూలం 28. ఎనిమిది కలిపితే 36; ఆరుతో భాగిస్తే ఆరు. మందలో ఒంటెలు 36. తొమ్మిది అడవిలో, పన్నెండు కొండచరియలలో, పదిహేను ఏటి ఒడ్డున.

784 కు మూలం ధన 28 మాత్రమే కాదు, ఋణ 28 కూడ. ధనసంఖ్యకు రెండు మూలాలున్నవని మహావీరుడు స్పష్టంగా చెప్పినాడు. ఋణమూలాన్ని తీసికొని లెక్క సాగిస్తే మంద సంఖ్య నూరింట తొమ్మిదవ వంతు అని వస్తుంది. సంఖ్యలకు అది సమ్మతమే గాని, ఒంటెలకు సమ్మతం కాదు. ఋణసంఖ్యకు మూలమే లేదని, ఏ సంఖ్యను వర్గించినా ఋణం రాదు గనుక, మహావీరుడే నిర్ణయించినాడు. అట్టి మూలాలను ఇటలీలో కార్డానో 1545లో, మనసుకు కష్టం కలిగించేవని ఒప్పుకొంటూనే, లెక్కలలోకి తీసికొన్నాడు. ఆ ద్వారం తెరుచుకోవడానికి మహావీరుని తరువాత ఇంచుమించు ఏడు వందల సంవత్సరాలు పట్టినది.

ఈ మహావీరుని గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చి సారసంగ్రహ గణితమన్నాడు. జనులు దానిని పావులూరి గణితమన్నారు. కమ్మనాటి పావులూరు నేటి బాపట్ల జిల్లాలోనిది. రాజరాజనరేంద్రుడు వేంగిరాజ్యాన్ని ఏలిన కాలంలో, అనగా 11వ శతాబ్దిలో, నన్నయకు సమకాలికుడుగా మల్లన ఉన్నాడని కొందరి మతం. రాజరాజు మన్నన పొందినవాడు తాత మల్లన అనిన్నీ, గ్రంథకర్త ఆయన మనుమడనిన్నీ, కాబట్టి రచన 12వ శతాబ్ది తొలిపాదానిదనిన్నీ మరికొందరి మతం. ఏది నిజమైనా, తెలుగులో కావ్యభాష ఇంకా రూపుదిద్దుకొంటున్న రోజులలోనే శాస్త్రం కూడ తెలుగు పద్యాన్ని ఆశ్రయించినదన్న మాట నిజం. భారతంతో తెలుగు సాహిత్యం ప్రారంభమైనదని చెప్పుకొనేవారు, లెక్కల పుస్తకం కూడ ఆ ఇంటనే, ఆ అరుగు మీదనే పుట్టినదని గుర్తించవలె.

మల్లనది మక్కికి మక్కి అనువాదం కాదు. మహావీరుడు వర్గం చేయడానికి ఐదు విధాలు, ఘనం చేయడానికి ఏడు విధాలు చెప్పగా, మల్లన ఒక్కొక్క విధంతో సరిపెట్టినాడు. మూలంలోని జైనప్రస్తావనలను విడిచి శివపరమైన ప్రస్తావనలు పెట్టినాడు. మూలంలో లేని ఉదాహరణలు చాల చేర్చినాడు. పండితుల తర్కానికి కావలసినది తగ్గించి, లెక్క చేసికొనే గృహస్థుకు, కరణానికి కావలసినది పెంచినాడన్నమాట. అనువాదం ఎవరి కొరకు అన్న ప్రశ్నకు ఆయన మొదటనే సమాధానం నిశ్చయించుకొని కలం పట్టినాడు. చదరంగపు అరువది నాలుగు గళ్ళలో మొదటి గడిలో ఒకటి మొదలుకొని ఇనుమడిస్తూ పోతే మొత్తమెంత అన్న లెక్కకు ఇరువది అంకెల సమాధానం చెప్పే తెలుగు పద్యం ఆయనదనే ప్రసిద్ధి. అంకెలను చంద్రుడు, వేదాలు, సముద్రాలు, అగ్నులు మొదలైన పేర్లతో చెప్పే భూతసంఖ్యాపద్ధతి వల్ల అంత పెద్ద సంఖ్య ఒక పద్యంలో ఇమిడినది. వ్రాత తప్పితే గణం తప్పుతుంది. కాబట్టి పద్యమే సంఖ్యకు కాపలా కాచినది.

పద్యంలో శాస్త్రం చెప్పడానికి లాభంతో పాటు నష్టం కూడ ఉన్నది. సూత్రం కంఠస్థమవుతుంది, హేతువు కంఠస్థం కాదు. సూత్రం ఎట్లు వచ్చినదో గురువు నేలమీద ఇసుకలో గీసి చూపవలె. గురువు చూపకపోతే పద్యం ఉత్త మంత్రమవుతుంది. మన దేశంలో గణితగ్రంథాలకు వ్యాఖ్యానాలు అన్ని పుట్టడానికి కారణమిదే. మల్లన తరువాత భాస్కరుని లీలావతిని ఎలుగంటి పెద్దన ప్రకీర్ణగణితమన్న పేరుతో తెలిగించినాడు. ఒక సూత్రానికి పలువురు అనువాదకులు, వ్యాఖ్యాతలు ఉండడం వృథాశ్రమ కాదు. ఒకరి చేతిలో జారినది మరొకరి చేతిలో నిలుస్తుంది.

భాస్కరుని దగ్గరకు మళ్ళీ రావలె. ఆయన 1114లో పుట్టినవాడు. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు వ్రాసిన బీజగణితాలు మిక్కిలి విస్తృతాలు గనుక వాటి సారాన్ని సంగ్రహించినానని ఆయన తన గ్రంథాంతంలో చెప్పుకొన్నాడు. ఆ ముగ్గురిలో శ్రీధర పద్మనాభుల బీజగణితాలు నేడు లేవు. సంగ్రహం మిగిలి, మూలాలు పోయినవి. భాస్కరుని కాలంలో తెలియని రాశిని యావత్తావత్తు అనేవారు. ఎంత ఉంటే అంత అని అర్థం. దాని తొలి అక్షరం ‘యా’ గుర్తుగా వ్రాసేవారు. ఒకటి కంటె ఎక్కువ రాశులుంటే కాలకం, నీలకం మొదలైన రంగుల పేర్లలోని తొలి అక్షరాలు వచ్చేవి. వర్గానికి ‘వ’, తెలిసిన సంఖ్యకు ‘రూ’ గుర్తులు. ఋణసంఖ్య తలపై ఒక చుక్క. రెండు పక్షాలను ఒకదాని క్రింద ఒకటి వ్రాసేవారు. పద్యంలో చెప్పిన దానిని లెక్కలో చేయడానికి ఈ లిపి సరిపోయినది.

రెండు మూలాల ప్రశ్నను భాస్కరుడు నిర్భయంగా ఎదుర్కొన్నాడు. ఒక కోతుల గుంపులో ఎనిమిదవ వంతుకు వర్గమైనన్ని కోతులు వనంలో ఆడుతున్నవి, పన్నెండు కొండమీద అరుస్తున్నవి, గుంపు ఎంత అన్న లెక్కకు 16, 48 అని రెండు సమాధానాలు వస్తాయి. పదహారులో ఎనిమిదవ వంతు రెండు, దాని వర్గం నాలుగు; నలువది ఎనిమిదిలో ఎనిమిదవ వంతు ఆరు, దాని వర్గం ముప్పది ఆరు. పన్నెండు కలిపితే రెండూ సరిపోతాయి. భాస్కరుడు రెండింటినీ స్వీకరించినాడు. మరొక లెక్కలో గుంపులో ఐదవ వంతుకు మూడు తగ్గించి వర్గించినన్ని కోతులు గుహలోకి పోయినవి. ఒకటి కొమ్మమీద కనిపించినది. దీనికి 50, 5 అని రెండు వస్తాయి. ఐదులో ఐదవ వంతు ఒకటి. ఒకటిలోనుంచి మూడు తగ్గించడం కోతులలో కుదరదు. అందుచేత యాభైనే స్వీకరించి, లోకం ఋణాన్ని నమ్మదన్న కారణం చెప్పినాడు. రెండు మూలాలు ఉండగలవన్న విషయంలో ఆయన పద్మనాభుని వాక్యాన్ని ఉదాహరించినాడు. ఇట్లు మరొక లుప్తగ్రంథంలోని మరొక వాక్యం కూడ ఆయన చలువ వల్లనే మిగిలినది. సూత్రం ఇచ్చే సమాధానాలలో ఏది లోకానికి చెల్లుతుందో నిర్ణయించే పని సూత్రానిది కాదు, మనిషిది. ఈ వివేకాన్ని ఆ కోతుల లెక్కలు నేర్పుతున్నవి.

ఆ తరువాత కథ అనువాదాల కథ. అల్ ఖ్వారిజ్మీ గ్రంథాన్ని 1145లో స్పెయినులోని సెగోవియాలో చెస్టరు రాబర్టు లాటినులోకి తెచ్చినాడు. ఆ గ్రంథనామంలోని ‘అల్ జబ్ర్’ అన్న మాటే ఐరోపా భాషలలో ఈ శాస్త్రానికి పేరైనది. అక్బరు ఆస్థానంలో ఫైజీ 1587లో లీలావతిని పారశీకం చేసినాడు. బీజగణితం షాజహాను కాలంలో పారశీకంలోకి వచ్చినది. దానినుంచి 1813లో స్ట్రాచీ ఆంగ్లం చేసినాడు. 1817లో కోల్‌బ్రూక్ సంస్కృతం నుంచే బ్రహ్మగుప్త భాస్కరుల గణితాన్ని ఆంగ్లీకరించినాడు. ఈలోగా ఐరోపాలో 16వ శతాబ్ది చివర వియెట్టా తెలిసిన గుణకాలకు కూడ అక్షరాలు వాడినాడు. 1637లో డెకార్టు అక్షరమాల చివరి అక్షరాలను అవ్యక్తరాశులకు కేటాయించినాడు. సూత్రం నేటి పొట్టి రూపం దాల్చినది. మన ‘యా’ పోయి ‘ఎక్స్’ వచ్చినది. 19వ శతాబ్దిలో ఆంగ్లవిద్యతో పాటు బీజగణితం తెలుగుదేశపు బడులలో ప్రవేశించినప్పుడు, అది పరదేశపు కొత్తవిద్యగా తోచినది. పావులూరి గణితం అప్పటికి తాటాకులలో నిద్రిస్తున్నది.

భాష మాత్రం మరచిపోలేదు. దీనికి సాక్ష్యం దూరాన, బంగాళాఖాతం నడుమ, లభిస్తుంది. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం శ్రీవిజయపురమని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ అండమాన్ నికోబార్ దీవుల ముఖ్యపట్టణం. విశాఖపట్నం, మదరాసు, కలకత్తా రేవుల నుంచి ఓడలెక్కి పోయిన వేర్వేరు భాషలవారు అక్కడ ఇరుగుపొరుగున స్థిరపడినారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతిది తెలుగు. నూటికి పదముగ్గురికి పైగా దాని మాతృభాషీయులు. అక్కడి బడులు కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పాఠ్యక్రమాన్ని అనుసరిస్తాయి. పదవ తరగతిలో అందరూ చదివేది ఒకే సూత్రం. దాని పేరు మాత్రం ఇంటిభాషను బట్టి మారుతుంది. హిందీ, బెంగాలీలలో అది ద్విఘాత సమీకరణం. తమిళంలో ఇరుపడి సమన్‌పాడు. తెలుగులో మాత్రం, కన్నడంలో వలె, వర్గసమీకరణం. మధ్యమాహరణాన్ని బోధిస్తూ బ్రహ్మగుప్త శ్రీధరులు పలికిన వర్గశబ్దమే తెలుగు విద్యార్థి నోట నేటికీ ఉన్నది. గుణకం, మూలం, ధనం, ఋణం అన్న మాటలూ అట్టివే. గ్రంథాలు నిద్రించినా పదాలు మేల్కొని ఉన్నవి.

ఆ విద్యార్థులు చదివే జాతీయ పాఠ్యపుస్తకం, వర్గపూరణం ద్వారా ఈ సూత్రాన్ని శ్రీధరాచార్యుడు సాధించినాడనీ, భాస్కరుడు దానిని ఉదాహరించినాడనీ చెప్పి, శ్రీధరుని కాలం 1025 అన్నది. చరిత్రకారులలో పలువురు ఆయనను అంతకు పూర్వం, 8వ శతాబ్దికిన్నీ 10వ శతాబ్దికిన్నీ నడుమ, నిలుపుతున్నారు. కాలం విషయంలో భేదం ఉంటే ఉండనిండు. కర్తను స్మరించడం మెచ్చదగినది. కాని 2022లో పాఠ్యభారం తగ్గించే తలంపుతో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి కొన్ని ప్రకరణాలను విడిచినప్పుడు, పదవ తరగతి గణితంలో వర్గపూరణ ప్రకరణం కూడ పోయినది. సూత్రం మాత్రం ఉన్నది. పిల్లల బరువు తగ్గించవలెనన్న కోరిక మంచిదే. పరీక్షకు సూత్రం చాలునన్న మాట కూడ నిజమే. అయినా ఇక్కడ తగ్గినది బరువా, ఆధారమా అని ఆలోచించవలసి ఉన్నది. శ్రీధరుని పేరు ఏ పద్ధతి వల్ల నిలిచినదో ఆ పద్ధతి పోయి, ఫలం మిగిలినది. పూర్వం కాలవశాన పుస్తకం పోయి సూత్రం మిగిలినది. ఇప్పుడు ఎవరి చెడుతలంపూ లేకుండానే సూత్రం మిగిలి హేతువు పోయే స్థితి వచ్చినది.

ఇది తీరని నష్టం కాదు. ఖాళీగా ఉన్న మూలను చూపడానికి ఉపాధ్యాయునికి ఒక సుద్దముక్క, పావుగంట వ్యవధి చాలును. ఒక చతురస్రం, రెండు పట్టీలు, నింపవలసిన ఒక చిన్న చతురస్రం గీస్తే, సగం చేయడమెందుకో, వర్గం కలపడమెందుకో పిల్లవానికి తెలుస్తుంది. సూత్రం మరచినా వాడు దానిని తిరిగి కట్టుకోగలడు. హేతువు మరచినవాడు సూత్రంలో ఒక గుర్తు తప్పితే తప్పినదని కూడ ఎరుగడు. పావులూరి మల్లన తొమ్మిది వందల సంవత్సరాల క్రిందట సంస్కృతం నుంచి గణితాన్ని తెలుగు చేసినప్పుడు ఏది విడువవచ్చునో, ఏది పెంచవలెనో తన పాఠకుని ముఖం చూచి నిర్ణయించినాడు. ఐదు విధాలలో నాలుగింటిని విడిచినాడు గాని, ఉదాహరణలను విడువలేదు, వాటిని పెంచినాడు. శాస్త్రాన్ని ఒక భాషలోనుంచి మరొక భాషలోనికి గాని, ఒక తరం నుంచి మరొక తరానికి గాని అందించేవారికి ఆ విచక్షణ ఈనాటికీ అవసరమైనదే.